పదో తరగతి వంట

ఆ వారమంతా మా ఇంట్లో ఉల్లిగడ్డలు మా మనుమడు భానుప్రకాశే కోశాడు. మా కోడలు స్వరూపను కత్తిపీట దగ్గరికి రానివ్వలేదు. కళ్లు మండుతుంటే మోచేత్తో తుడుచుకుంటూ, "బాపమ్మా, మూడు వందల మందికి ఎన్ని గడ్డలు పడతయి?" అని అడిగేవాడు.

"నాకేం తెలుసు బిడ్డా. నేను పెండ్లిండ్లల్ల తిన్నగని వండలే" అనేదాన్ని.

"మరి ఇంతకాలం ఏం చేసినవు?"

"మీ తాతకు వండిన. ఆయన ఒక్కడు మూడు వందల మంది లెక్క."

భాను శ్రమోదయ బాలుర పాఠశాలలో పదో తరగతి చదువుతున్నాడు. తార్నాకలో మెట్రో దిగి పక్క సందులోకి తిరిగితే ఆ బడి కనిపిస్తుంది. అది సర్కారుది కాదు. ర్యాంకులు వచ్చిన పిల్లల ఫొటోలు గోడ నిండా అతికించే పెద్ద కంపెనీల వాళ్లదీ కాదు. యూనివర్సిటీలో పాఠాలు చెప్పే ఇన్నయ్య సారు, క్యాంపస్ క్వార్టర్ల వెనక వేపచెట్ల కింద కొద్దిమంది మొగపిల్లలను కూర్చోబెట్టుకొని దాన్ని మొదలుపెట్టాడట. ఆయన పోయి చాలా కాలమైంది. ఆయన పెట్టిన ట్రస్టు ఇప్పుడు బడిని నడుపుతోంది. మా మాణికేశ్వర్ నగర్ పిల్లలూ, హబ్సిగూడ అపార్ట్‌మెంట్ల పిల్లలూ అక్కడ ఒకే బెంచీ మీద కూర్చుంటారు.

ఆ బడికి కొన్ని పద్ధతులున్నాయి. ఎవరి గది వాళ్లే ఊడ్చుకోవాలి. ఒకటో తరగతిలో కొత్తగా చేరిన పిల్లలకు బూట్ల లేసులు కట్టేది పదో తరగతి వాళ్లు. ఏదైనా తప్పు జరిగితే ఎవరు చేశారని సార్లు అడగరు. చేసినవాడే ప్రార్థనలో లేచి చెప్పాలి. చెప్పినవాడికి దెబ్బలుండవు, చెడగొట్టిన దాన్ని బాగుచేసే పని మాత్రం ఉంటుంది. అన్నిటికన్నా పెద్ద పద్ధతి వంట. ఫిబ్రవరిలో బడి పుట్టినరోజు నాడు, బడి మొదలైన ఆ వేపచెట్ల కిందనే, పదో తరగతి పిల్లలు బడి అంతటికీ వండి వడ్డించాలి. అది చెయ్యకుండా ఆ బడి నుంచి ఒక్క పిల్లవాడూ బయటికి పోలేదు.

ఆ రోజు సార్లు కూడా చుట్టాలే. పొయ్యిల చుట్టూ ఒక తాడు కడతారు. ఆ తాడు దాటి తల్లిగాని, తండ్రిగాని, సారుగాని లోపలికి పోకూడదు. ఇవతల నుంచి సలహా కూడా చెప్పకూడదు. మొదటి పంక్తి ఒకటో తరగతి పిల్లలది. ఆ తర్వాత మిగతా తరగతులు, ఆయాలు, వాచ్‌మన్లు, తల్లులు, తండ్రులు, సార్లు. వండినవాళ్లు అందరికన్నా ఆఖరున తింటారు.

మా కొడుకు దివాకర్ కూడా ఆ బడిలోనే చదివాడు. వాళ్ల ఏడు అన్నం అడుగంటింది. ఇప్పటికీ అతని దోస్తులు ఫోన్ చేస్తే "ఏం రా మాడూ" అని పిలుచుకుంటారు. మా ఆయన బతికున్నన్నాళ్లూ మంచినీళ్లు కూడా నేనే చేతికందించాలి. ఆయన కడుపున పుట్టిన దివాకర్ మాత్రం, స్వరూప బాలెంతగా ఉన్నప్పుడు తెల్లారుతూనే లేచి మిరియాల చారు కాచాడు. మా ఆయన గుమ్మంలో నిలబడి చూసి, "బడికి పంపితే వీనికి ఇదా నేర్పింది" అన్నాడు. అని, ఆ చారు రెండుసార్లు పోయించుకున్నాడు.

ఈ ఏడు పిల్లలంతా కలిసి భానును వంట పెద్దగా ఎన్నుకున్నారు. ఆ కబురు చెప్పినప్పుడు వాడి ముఖం వెలిగిపోయింది. నాలుగు రోజులు తిరక్కుండానే ఆ వెలుగు తగ్గింది. పేరెంట్స్ కమిటీకి పెద్ద కొండలరావు గారు. హబ్సిగూడలో ఉంటారు, గోదావరి వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డవాళ్లు, పెద్ద ఉద్యోగం. ఆయన కొడుకు సాయితేజ మా భాను తరగతే. మీటింగులో ఆయన లేచి, పోయినేడు ఒక పిల్లవాడి చేతిమీద వేడి గంజి పడిన సంగతి ఎత్తారు. అది నిజమే. ఆ పిల్లవాడికి పెద్ద గాయం కాలేదు గాని, బొబ్బలు నేనూ చూశాను. నెల తిరిగితే పరీక్షలు, ఇప్పుడు పిల్లలతో ఈ పొయ్యిలేమిటి, హోటల్ వాళ్లకు అప్పగిస్తే శుభ్రంగా వండి పెట్టిపోతారు కదా అన్నారు. చాలామంది తల్లిదండ్రులు తలలూపారు. చివరికి ట్రస్టు వాళ్లు ఒక మాట మీదికి వచ్చారు. ఈ ఏడు పిల్లలే వండుతారు. ఏ ఇబ్బందీ లేకుండా జరిగితే సరే. ఏదైనా తేడా వస్తే, వచ్చే ఏడు నుంచి హోటల్ వంటే.

ఆ రాత్రి భాను అన్నం ముందు కూర్చొని కెలుకుతూ ఉండిపోయాడు.

"ఇన్నయ్య సారు కాలం నుంచి నడుస్తున్నది బాపమ్మా. ఇది ఆగిపోతే నా చేతిల ఆగినట్టు. 'వీడున్నప్పుడే పోయింది' అంటరు."

"ఆగదు తియ్" అన్నాను. ఆగుతుందో లేదో నాకేం తెలుసు.

వంట రోజు దివాకర్ పని మీద ఊరికి పోయాడు. స్వరూపకు మెట్రో స్టేషన్‌లో టికెట్ల డ్యూటీ పడింది, సెలవు దొరకలేదు. తల్లి రాలేకపోతే తల్లుల చాప మీద నాయనమ్మో అమ్మమ్మో కూర్చోవచ్చు. నేను ఉతికిన గద్వాల చీర కట్టుకొని, మా బస్తీ నుంచి క్యాంపస్‌లోకి దారి తీసే గోడ పక్కనుంచి నడిచి వెళ్లాను. వేపచెట్లు ఆకు రాలుస్తున్న కాలం అది. దూరం నుంచే కనిపించింది నాకు ఆ దృశ్యం. పెద్ద పెద్ద డేగిసాలు పొయ్యిల మీద ఉన్నాయి. ఒక్కొక్క డేగిసా పైన నలుగురు పిల్లలు నాలుగు కొసలు పట్టుకొని దుప్పటి చాపి నిలబడ్డారు, ఆకులు పడకుండా. చేతులు నొప్పి పుట్టగానే ఇంకో నలుగురు వచ్చి కొసలు అందుకుంటున్నారు. మా భాను నడుముకు తువ్వాల చుట్టుకొని, ఒక పొయ్యి నుంచి ఇంకో పొయ్యికి ఉరుకుతున్నాడు. నా వైపు చూశాడు గాని నవ్వలేదు. పని మీదున్న మొగవాడి చూపు అది. నా మనుమడిలో ఆ చూపు మొదటిసారి చూశాను.

చాప మీద నా పక్కన కొండలరావు గారి తల్లి వెంకటరమణమ్మ గారు కూర్చున్నారు. వాళ్ల కోడలికీ బ్యాంకులో సెలవు దొరకలేదట. బడి గేటు దగ్గర మనుమల కోసం నిలబడి నిలబడి మాకు ఎన్నో ఏళ్ల పరిచయం.

"ఏమ్మా సారలమ్మగారూ, మీవాడు జనరల్ లాగా తిరుగుతున్నాడే!" అన్నారామె.

"మీవాడు మాత్రం తక్కువనా వదినె. చూడుండ్రి, పోపు గిన్నె ఎట్ల పట్టిండో. పిల్లను ఎత్తుకున్నట్టు పట్టిండు."

"ఇంట్లో తాగిన గ్లాసు తీసి సింకులో పెట్టడండీ వీడు. మొన్నటినించీ నా వెనకాలే తిరిగి, 'నాయనమ్మా పప్పుచారు ఎలా చెయ్యాలి' అని ఒకటే గొడవ. నేర్పాను. వాళ్ల నాన్నకి తెలియకుండా."

"తెలియకుండ ఎందుకు?"

"వాడికి ఇష్టం లేదుగా. చదువుకునే వేళ వంటింట్లో ఏం పనీ అంటాడు." ఆమె గొంతు తగ్గించారు. "వాణ్ణి నేనే అలా పెంచాను లెండి. ఇప్పుడు అనుకుని ఏం లాభం?"

కొండలరావు గారు మగవాళ్ల వరుసలో, ఇస్త్రీ చొక్కాతో, ఫోను చేతిలో పట్టుకొని నిలబడే ఉన్నారు. ఆయన చూపంతా పొయ్యిల మీదే. పిల్లలెవరైనా గంజి వంచబోతే రెండడుగులు ముందుకు వస్తారు, తాడు చూసి ఆగుతారు. నాకు ఆయన మీద కోపం రాలేదు. భయపడే తండ్రి ఎట్లా ఉంటాడో అట్లనే ఉన్నాడు.

గంజి మంచిగనే వంచారు. అన్నం పువ్వులాగా వచ్చింది. గుత్తొంకాయ కాదు గాని, వంకాయ ముక్కల కూర నూనె తేలి ఎర్రగా కనిపించింది. అప్పడాలు వేయించేవాడు ఒకడు ఒక్కొక్క అప్పడం తీసి పైకెత్తి తన తరగతి వాళ్లకు చూపిస్తున్నాడు. వాళ్లు చప్పట్లు కొడుతున్నారు. పప్పుచారు వాసన మా చాప దాకా వచ్చేసరికి వెంకటరమణమ్మ గారు కళ్లు మూసుకొని, "ఇంగువ సరిగ్గా వేశాడు మావాడు" అన్నారు.

ఒకటో తరగతి పిల్లలను వరుసగా కూర్చోబెట్టి విస్తర్లు వేశారు. పదో తరగతి పిల్లలు నడుములు వంచి వడ్డించారు. ఎవరి లేసు ఎవరు కట్టారో వాళ్లకే వడ్డించుకుంటున్నారు. భాను బకెట్ పట్టుకొని పప్పుచారు పోస్తూ పోయాడు. నా కడుపు నిండిపోయింది. ఇంకేం తినక్కర్లేదు అనుకున్నాను.

అప్పుడే వరుస మధ్యలో కూర్చున్న బుడ్డోడు ఒకడు, మొదటి ముద్ద నోట్లో పెట్టుకొని, ముఖమంతా ముడుచుకొని, "ఛీ! ఉప్పూ!" అని గట్టిగా అరిచాడు. వాడి పక్కవాడు కూడా ముద్ద విస్తర్లోనే ఉమ్మేశాడు. "సముద్రం లెక్క ఉంది!" అన్నాడు ఇంకొకడు. సముద్రం వాడెప్పుడు తాగాడో మరి.

చాపల మీద వాళ్లంతా తలలు తిప్పి చూశారు.

భాను బకెట్ కింద పెట్టి, ప్రధానోపాధ్యాయుడు సుదర్శన్ సారు వైపు చూశాడు. సారు తలెత్తి వేపకొమ్మల్లో ఏదో పిట్టను వెతుకుతున్నాడు. ఆ రోజు ఆయన చుట్టం కదా.

"ఉప్పు నేనే వేసిన" అన్నాడు భాను. అందరికీ వినపడేటట్టే చెప్పాడు. "చింతపండు పులుసు పోసి మరుగుతున్నప్పుడు వేసిన."

అప్పడాల పొయ్యి దగ్గర నుంచి సాయితేజ ముందుకు వచ్చాడు. చేతిలో గరిటె ఇంకా ఉంది. తండ్రి వైపు ఒకసారి చూసి, తల తిప్పుకొన్నాడు.

"నేనూ వేశాను. పోపు పెట్టి దించేటప్పుడు. వీడు వేశాడని నాకు తెలీదు. వీడు అప్పుడు అన్నం దగ్గరున్నాడు. అడగాల్సింది. తప్పు నాది."

నేను వెంకటరమణమ్మ గారి వైపు తిరిగాను. ఆమె అప్పటికే నా వైపు చూస్తున్నారు.

"మీరు మరిగేటప్పుడు వేస్తారా ఉప్పు?" అన్నారామె.

"మరి? మీరు దించేటప్పుడు ఏస్తరా?"

"పులుపుకి తగ్గట్టు ఆఖర్నే వెయ్యాలండీ."

"ముక్కకు పట్టాలంటె ముందే ఏయాలె వదినె!"

మా ఇద్దరి మాటలూ మగవాళ్ల వరుస దాకా వినిపించాయి. కొండలరావు గారు తల పట్టుకున్నారు. "ఇద్దరిలో ఒక్కడైనా రుచి చూడలేదుట్రా?" అని కొడుకును అడిగారు.

"చూస్తే ఎంగిలవుతుంది కదా డాడీ. ముందు చిన్నపిల్లలకి పెట్టాలిగా. నాయనమ్మ చెప్పింది."

"మా బాపమ్మ గూడ" అన్నాడు భాను.

ఎవరో నవ్వారు. ఆ నవ్వు చాపలన్నిటి మీదా పాకింది. ఆ ఇద్దరు పిల్లలు మాత్రం నవ్వలేదు. కొండలరావు గారు కూడా నవ్వలేదు. ఆయన ఫోను తీశారు.

"ఇంక చాలు. నేను హబ్సిగూడలో తెలిసిన హోటల్‌కి ఫోన్ చేస్తాను. వెజ్ బిర్యానీ ప్యాకెట్లు ముప్పావు గంటలో వచ్చేస్తాయి. పిల్లలు ఆకలితో ఉన్నారు."

ఆ మాటతో ఆ బడి వంట అయిపోయినట్టే. ఆ ప్యాకెట్లు ఒక్కసారి ఆ మైదానంలోకి వస్తే, వచ్చే ఏడు నుంచి అవే వస్తాయి. అది నాకు అర్థమైంది. భానుకు నాకన్నా ముందే అర్థమైంది. వాడు తాడు దగ్గరికి వచ్చాడు. ఇవతల కొండలరావు గారు, అవతల వాడు.

"వద్దంకుల్. ఫోన్ చెయ్యకుండ్రి."

"చెయ్యకపోతే ఏం పెడతావయ్యా వీళ్లకి?"

"చిన్నోళ్లకు ఇప్పుడే పెరుగన్నం పెడతం. పెరుగు ఉన్నది, మామిడికాయ తొక్కు ఉన్నది. పెద్దోళ్లు ఒక గంట ఆగాలె. పప్పుచారు మేమే బాగుచేస్తం."

"ఎలా చేస్తావు? అది చెప్పు."

"చేసినంక చూడుండ్రి అంకుల్."

మాట గట్టిగా ఉన్నా చేతులు మాత్రం తాడును పట్టుకొని నలుపుతున్నాయి. కొండలరావు గారు సుదర్శన్ సారు వైపు తిరిగారు. "మీరేమీ అనరేమిటి సార్?"

"నేనియ్యాల చుట్టాన్ని కొండలరావు గారూ" అన్నాడు సారు. "చుట్టానికి వంట దగ్గర ఏం పని? ఆకలైతే కూచొని నీళ్లు తాగుడే."

కొండలరావు గారు ఫోను జేబులో పెట్టలేదు గాని, నంబరు కూడా నొక్కలేదు. అట్లాగే చేతిలో పట్టుకొని కుర్చీలో కూర్చున్నారు.

తర్వాతి గంట మా ఇద్దరు ముసలివాళ్లకు పెద్ద శిక్ష. తాడవతల పిల్లలు గుంపుగా నిలబడి వాదించుకుంటున్నారు. ఏం చెయ్యాలో మాకు తెలుసు, నోరు తెరవకూడదు. ఒకడు ఆలుగడ్డలు వేస్తే ఉప్పు పీల్చుకుంటుందన్నాడు. ఇంకొకడు ఒట్టి నీళ్లు పొయ్యమన్నాడు. "నీళ్లు పోస్తె చారు గాదు, కాలువైతది" అని నేను నోట్లోనే గొణుక్కున్నాను. వెంకటరమణమ్మ గారు నా మోకాలు మీద కొట్టి, "ఊరుకోండి, వినపడితే మనల్ని చాప మీంచి లేపేస్తారు" అన్నారు.

ఆఖరుకు పప్పు ఇంకా వెయ్యాలని తేల్చుకున్నారు. ఇద్దరు పిల్లలు సంచి పట్టుకొని మా బస్తీ వైపు ఉరికారు. కందిపప్పు తెస్తారు. అంత కందిపప్పు ఆ పొయ్యి మీద ఉడికేసరికి పొద్దు వాలుతుంది. ఈ సంగతి ఆ పిల్లలకు ఎట్లా తెలుస్తుంది? అరిచి చెప్పాలని గొంతు దాకా వచ్చింది. కొంగు నోట్లో కుక్కుకున్నాను, నిజంగానే.

వాళ్లు తిరిగి వచ్చి సంచి విప్పి పెద్ద చేటలో పోశారు. అది పచ్చగా, సన్నగా ఉంది. పెసరపప్పు.

"పెసరపప్పు!" అన్నాం మేమిద్దరం ఒకేసారి.

"నాకు జ్వరం వచ్చినప్పుడు నాయనమ్మ ఇదే వండుద్ది" అని సాయితేజ తోటి పిల్లలతో చెప్పటం వినిపించింది. "ఇలా వేస్తే అలా ఉడికిపోద్ది."

వెంకటరమణమ్మ గారు కళ్లజోడు తీసి చీర చెంగుతో తుడుచుకొని మళ్లీ పెట్టుకున్నారు. తల మాత్రం ఇంతెత్తున లేచింది. నేను చూసి కూడా ఎక్కిరించలేదు. నా తల కూడా ఆ ఎత్తులోనే ఉంది.

ఉప్పెక్కువైన చారును వాళ్లు పారబొయ్యలేదు. రెండు డేగిసాల్లోకి సగం సగం పంచారు. ఉప్పు లేకుండా ఉడికించిన పెసరపప్పు రెండింటిలో కలిపారు. మళ్లీ చింతపండు పిసికారు, సొరకాయ ముక్కలు ఉడికించి వేశారు, మళ్లీ పోపు పెట్టారు. ఈసారి పోపు దగ్గర ఇద్దరూ పక్కపక్కన నిలబడ్డారు. దుప్పట్లు మళ్లీ పైకి లేచాయి. రాలే ఆకులు దుప్పట్ల మీద పడి జారిపోతున్నాయి.

ఇంక రుచి చూడాలి. ఎంగిలి సంగతి ఎట్లా? భాను ఒక ఆకు దొన్నెలో కొంచెం పోసి చల్లార్చాడు. పెరుగన్నం తిని ఆడుకుంటున్న ఒకటో తరగతి వాళ్ల దగ్గరికి పోయి, మొదట అరిచిన ఆ బుడ్డోడిని ఎత్తి భుజం మీద కూర్చోబెట్టుకొని తెచ్చాడు. "మొదటి పంక్తి నీదే. నువ్వు చెప్పాలె" అన్నాడు. వాడు దొన్నె రెండు చేతులతో పట్టుకొని తాగాడు. ఆలోచించాడు. మూడు వందల మంది వాడి నోటి వైపు చూస్తున్నారు. వాడికి అది బాగా నచ్చినట్టుంది, తొందరేమీ పడలేదు.

"ఇంకింత పొయ్యి" అన్నాడు.

పోశారు. అదీ తాగాడు.

"మంచిగున్నది. కానీ నాకు అన్నం లేదుగా ఇప్పుడు?"

అప్పుడు భాను నవ్వాడు, ఆ రోజు మొదటిసారి. వాడికి మళ్లీ విస్తరి వేశారు. వాడిని చూసి మిగతా బుడ్డోళ్లు కూడా ఉరికొచ్చి కూర్చున్నారు. మొదటి పంక్తి మళ్లీ మొదటి పంక్తే అయింది.

డేగిసా ఒకటి రెండయ్యేసరికి పప్పుచారు మా అందరికీ పోగా మిగిలేటట్టుంది. సాయితేజ తాడు ఎత్తి బయటికి వచ్చి, హాస్టల్ వైపు నడిచిపోతున్న యూనివర్సిటీ విద్యార్థులను పిలవటం మొదలుపెట్టాడు. "అన్నా, రండన్నా, భోంచేసి వెళ్లండి!" పుస్తకాల సంచులతో ఉన్న పిల్లలు ముందు మొహమాటపడ్డారు. తర్వాత పొట్ట మాట విన్నారు. పోటీ పరీక్షలకు చదివే ఒక పిల్లవాడు నా ఎదురుగా కూర్చొని, తలెత్తకుండా తిని, "ఎవరు పెట్టిన్రమ్మా ఇది?" అని అడిగాడు.

"మా పిల్లలు" అన్నాను. ఏ పిల్లలో, ఎవరి పిల్లలో విడమర్చి చెప్పలేదు. ఆ నిమిషానికి ఆ తాడు లోపలి పిల్లలంతా నాకు అట్లాగే తోచారు.

మా పంక్తికి భాను వడ్డించాడు. నా విస్తరి దగ్గర ఇతరుల దగ్గర ఆగినంతసేపే ఆగాడు, ఒక్క ముక్క ఎక్కువ వెయ్యలేదు. అట్లా వెయ్యకపోవటమే నాకు గొప్పగా అనిపించింది. తండ్రుల పంక్తిలో సాయితేజ బకెట్ పట్టుకొని కొండలరావు గారి ముందుకు వచ్చాడు. తండ్రి అన్నమంతా తినేశాడు.

"ఇంకొంచెం, డాడీ?"

కొండలరావు గారు విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టారు. కొడుకు వంగినవాడు వంగినట్టే ఉన్నాడు. చేతుల మీద పోపు చిట్లిన చిన్న చిన్న ఎర్రటి మచ్చలు. ఆయన వాటిని చూశారు. మెల్లగా చెయ్యి తీశారు.

"పొయ్యి" అన్నారు.

సార్ల పంక్తి కూడా లేచాక, పదో తరగతి పిల్లలు కాళ్లు చేతులు కడుక్కొని వరుసగా కూర్చున్నారు. వాళ్లకు వడ్డించేది తొమ్మిదో తరగతి. పెరుగు అయిపోయింది. అప్పడాలు ముక్కలే మిగిలాయి. అన్నం కూడా హాస్టల్ పిల్లలు తినగా మిగిలినంతే. ఎవరూ సణగలేదు. ఒకరి విస్తరిలోంచి ఒకరు వంకాయ ముక్కలు లాక్కుంటున్నారు.

అప్పుడు సుదర్శన్ సారు చేతులు తుడుచుకుంటూ కొండలరావు గారి దగ్గరికి వచ్చాడు. నేను చెవులు రిక్కించాను. నా పక్కన వెంకటరమణమ్మ గారు కూడా ముందుకు వంగారు.

"పంక్తి లేచింది, ఇగ నేను చుట్టాన్ని గాదు" అన్నాడు సారు. "ట్రస్టు వాళ్లు రేపు అడుగుతరు. ఇబ్బంది రాలేదని నేను చెప్పలేను, వచ్చింది. కమిటీ మాట ఏంది సార్?"

కొండలరావు గారు పిల్లల వైపు చెయ్యి చూపించారు.

"ఉప్పు మేమే వేశామని వాళ్లిద్దరూ ముందుకొచ్చి చెప్పారు చూడండి" అన్నారు. "మా ఆఫీసులో అంత పెద్దవాళ్లం, ఒక్కళ్లం చెప్పం. గంజి వంచే వాళ్లకి మోచేతుల దాకా వచ్చే మందపు గుడ్డ తొడుగులుంటాయి. అవి కుట్టించి ఇస్తాను. వాటిని తొడుక్కోకుండా ఎవడూ డేగిసా ముట్టకూడదు. కమిటీ మాట అదొక్కటే. హోటల్ మాట తీసెయ్యండి."

నాకు ఇంక ఆగబుద్ధి కాలేదు. వంట అయిపోయింది, పంక్తి లేచింది, ఇంక తాడు రూలు నాకెందుకు? చాప మీద లేచి నిలబడి మా బస్తీలో పిలిచినట్టు పిలిచాను.

"ఒరేయ్ భానూ! ఉంటదంట రా! వచ్చే ఏడు గూడ ఉంటదంట!"

వాడు నోటి నిండా ముద్దతో తలెత్తాడు. ముందు అర్థం కాలేదు. పక్కన సాయితేజకు ముందర అర్థమై, వాడి వీపు మీద ఒక్కటి చరిచాడు. భానుకు పొలమారింది. దగ్గు వస్తూనే ఉంది, నవ్వుతూనే ఉన్నాడు, ఎంగిలి చేత్తో కళ్లు తుడుచుకొంటుంటే పప్పుచారు కంట్లో పడి కళ్లు మండి ఇంకా నీళ్లు కారాయి. ఒక తొమ్మిదో తరగతి పిల్లవాడు నీళ్లు అందించాడు. తాగి, ఊపిరి పీల్చుకొని, వాడు విస్తరి ముందుకు జరిపాడు.

"అన్నం ఉన్నదా రా ఇంకా?" అని అడిగాడు. "మస్తు ఆకలైతున్నది."

"అడుగుది ఉన్నదన్నా. జర మాడింది."

"మాడినా మంచిదే. వెయ్యి."